ఎవరూ తల తిప్పని పేరు

ఆయన పోయారన్న సంగతి నాకు పదో రోజున తెలిసింది. పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుకుంటూ ఉంటే, ఒకప్పుడు మా కంపెనీలో, ఓడ మీద సరుకు ఎత్తి దించే వించి నడిపినవాడు వచ్చి పక్కన నిలబడ్డాడు. "పేర్ల మావ ఎల్లిపోనాడు బాబూ. రేపు పదకొండో రోజు. ఉక్కునగరంలో కొడుకు క్వార్టర్లో సేత్తన్నారు" అన్నాడు. అయ్యో అన్నాను. అనవలసిన మాట గనక అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు కలిగింది దుఃఖం కాదు, తేలిక. పద్దెనిమిదేళ్లపాటు ఒక మనిషిని చూసి లోపల్లోపల కుళ్లుకున్నవాడికి, ఆ మనిషి ఇక లేడని తెలిస్తే కలిగే తేలిక. దానికి సిగ్గుపడి, వంకాయలు సగంలో వదిలేసి ఇంటికి వచ్చేశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. దాచాలని కాదు, రాసినా ఉపయోగం లేదు. సింహాచలం కొండ చుట్టుపక్కల పుట్టిన మగపిల్లల్లో చాలామందికి అప్పన్న స్వామి పేరు కలిసే ఉంటుంది. ఆయనదీ అలాంటిదే. మా హాజరు పట్టీలో ఆ పేరుతో పదకొండు మంది ఉండేవారు.

నాది కృష్ణా జిల్లా. డెబ్భై ఒకటిలో విశాఖపట్నం వచ్చి, ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక కంపెనీలో హాజరు గుమస్తాగా చేరాను. పొద్దున్నే రేవు గేటు దగ్గర రేకుల షెడ్డులో కూర్చుని కళాసీల, అంటే ఆ సరుకు కూలీల, పేర్లు పిలవడం నా పని. మొదటి రోజు ఆ పేరు పిలిచేసరికి పది గొంతులు ఒక్కసారి పలికాయి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఒక్కడే నవ్వలేదు, పలకనూ లేదు. నాకంటే ముందున్న గుమస్తా ఒక్కొక్కరి పేరు పక్కనా గుర్తు కోసం ఏదో ఒకటి రాసిపెట్టాడు. ఒకడికి పొట్టి, ఒకడికి గోపాలపట్నం, ఒకడికి మెల్ల. ఆయన పేరు పక్కన 'సైగలు' అని ఉంది. అలా పిలిస్తేనే ముందుకు వచ్చాడు.

ఓడ పొట్టలో సరుకు ఉండే గది రెండంతస్తుల లోతుంటుంది. వించి నడిపేవాడికి లోపల ఏం జరుగుతోందో కనపడదు. గది అంచున ఒక మనిషి నిలబడి చేత్తో చెబుతాడు: ఎత్తు, ఆపు, దించు, నెమ్మదిగా దించు. ఆయన పని అది. ఇరవై ఏళ్లు ఆ పని చేసి చేసి, మాటకి ముందు చెయ్యి లేవడం ఆయనకు అలవాటైపోయింది. గ్లాసులో టీ పోస్తూంటే చాలు అనేవాడు కాదు, పిడికిలి మూసేవాడు. వించి ఆపమనే సైగ అది. ఎవరైనా చెప్పినదానికి ఒప్పుకుంటే అరచెయ్యి బోర్లించి నెమ్మదిగా కిందకి దించేవాడు. కోపం వచ్చినా ఆ చేతులే చెప్పేవి. గొంతు వాడేది ఒక్క పనికే, గది అడుగున ఉన్నవాళ్లని పేరు పెట్టి పిలవడానికి. వించిల మోతలో, ఇనుము ఇనుముకు తగిలే చప్పుడులో కూడా ఆ పిలుపు కావలసిన మనిషికి చేరేది.

అప్పట్లో నేను ఆయన్ని నువ్వనేవాణ్ణి. నాకు పాతికేళ్లు, ఆయనకు నలభై పైనే. గుమస్తా కళాసీని నువ్వనడం అక్కడ రివాజు. ఇప్పుడు రాస్తున్నప్పుడు మాత్రం ఆ మాట రావడం లేదు.

నేను జ్ఞానాపురంలో రెండు గదుల వాటా తీసుకున్నాను. ఆయన ఇల్లు వెనక వీధిలో. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్క వాటాలో ఉండే నర్సమ్మ గారింట్లో సందడిగా ఉంటే తొంగి చూశాను. ఆమె క్రైస్తవురాలు, ఆసుపత్రిలో ఉద్యోగం. మగపిల్లవాడు పుట్టి మూడు వారాలైంది. మా వీధిలో అప్పటికే ముగ్గురు శామ్యూళ్లు, లెక్కలేనంత మంది ప్రసాదులు ఉన్నారు. తన కొడుక్కి ఎవరికీ లేని పేరు కావాలని ఆమె పట్టుదల. గుమ్మంలో బల్ల మీద మా సైగలాయన కూర్చుని ఉన్నాడు. నక్షత్రం అడగలేదు, అక్షరం అడగలేదు. పిల్లవాడు పుట్టే ముందు నీ మనసులో ఏముందమ్మా అని అడిగాడు. తెల్లారితే చాలు అనుకున్నాను అంది ఆమె. ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. తరవాత లేచి, ఎవరితోనూ ఏమీ చెప్పకుండా వీధి చివరకి నడిచి వెళ్లాడు. చర్చి గోడ దగ్గర ఆగి, ఒక చెయ్యి నోటి పక్కన అడ్డం పెట్టుకుని గట్టిగా పిలిచాడు.

"వేకువా."

వీధిలో కొళాయి దగ్గర ఆడవాళ్లున్నారు. కిళ్లీ బడ్డీ దగ్గర మగవాళ్లున్నారు. ఎవరూ తల తిప్పలేదు. ఆయన ఇంకోసారి పిలిచి, అటూ ఇటూ చూసి, తిరిగి వచ్చాడు. "ఎవులూ తిరగనేదమ్మా. ఈ పేరు కాళీగా ఉంది. మీవోడికి ఎట్టుకో" అన్నాడు. ఫాదరు గారు కూడా ఒప్పుకున్నారు. శామ్యూల్ వేకువ అని బాప్తిస్మం ఇచ్చారు.

అదీ ఆయన పద్ధతి. తరవాత ఎన్నిసార్లు చూశానో. పిలిచినప్పుడు ఒక్కడు తల తిప్పినా ఆ పేరు వదిలేసి ఇంకోటి ఆలోచించేవాడు. ముగ్గురు పిల్లలు దక్కక, నాలుగోవాడికి దిష్టి తగలకుండా పెంటయ్య అని పెట్టుకుంటామని ఒక చేపలమ్మే ఆమె వస్తే, పిల్లాడు బతికినన్నాళ్లూ ఆ కంపు మోయాలా అని మందలించి 'నిలకడ' అని పెట్టాడు. ఆ పిల్లాడు నిలిచాడు కూడా. ఇలాంటివి నాలుగైదు జరిగాక జనం ఆయన్ని పేర్ల మావ అనడం మొదలుపెట్టారు.

ఇక నా సంగతి చెప్పాలి. నేను బి.ఏ. తెలుగు చదివాను. వారపత్రికలో నా పద్యాలు రెండుసార్లు అచ్చయ్యాయి. మా వైపు బంధువుల్లో ఎవరికి పిల్లలు పుట్టినా పేరు కోసం నాకు కార్డు రాసేవారు. గట్టి అట్ట వేయించిన నోటు పుస్తకంలో, అకారాది వరసలో, అర్థాలతో సహా నూటికి పైగా పేర్లు రాసుకున్నాను. ఈ ఊళ్లో కూడా ఆ గౌరవం నాకే దక్కుతుందనుకున్నాను. చేరిన కొత్తలో, సరుకు లెక్క చూసే మా చెకరు కొడుక్కి 'నీలకంధర' అని పెట్టించాను. అర్థం విని అందరూ భలే అన్నారు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో అది కందరు అయింది, మరో నెలకి కంద అయింది. పిల్లాణ్ణి కంద అని పిలుస్తూంటే విని ఆ వీధిన పోవడం మానేశాను. మరో పక్క వేకువ వేకువగానే ఉన్నాడు. ఎవరి నోట్లోనూ అరగలేదు.

ఐదో తరగతి దాటని మనిషి. పుస్తకం పట్టుకున్నవాడు కాదు. ఆ మాటలు నాకూ తెలుసు. వేకువ, నిలకడ, రోజూ నోట్లో నలిగే మాటలు. అవి పేర్లవుతాయని నాకెందుకు తట్టలేదన్నది నా బాధ. షెడ్డులో ఎవరైనా ఆయన పెట్టిన పేరు మెచ్చుకుంటే నేను పట్టీలో తల దూర్చేవాణ్ణి. ఒకటి రెండుసార్లు, అవి పేర్లా, మాటలా అని వెటకారం చేశాను కూడా. ఆయన వినీ విననట్టు ఊరుకున్నాడు.

డెబ్భై నాలుగులో మాకు కొడుకు పుట్టాడు. అంతకు ముందు రెండు కాన్పులు మధ్యలోనే పోయాయి. మా ఆవిడ ఆశ వదులుకున్నాక నిలిచిన బిడ్డ. పెళ్లి కాకముందు నుంచీ నా కొడుక్కని దాచి ఉంచుకున్న పేరొకటి ఉంది, 'అంశుమాలి'. నోటు పుస్తకంలో కూడా రాయలేదు, ఎవరైనా చూసి వాడేసుకుంటారని. బారసాల ముందు రోజు మా ఆవిడ నెమ్మదిగా, బాబాయిగారిని కూడా ఒకసారి అడుగుదామండీ అంది. ఆయన్ని ఆమె బాబాయిగారూ అనేది. అక్కర్లేదన్నాను. సాయంత్రం నేను పనినుంచి వచ్చేసరికి ఆయన మా గుమ్మంలో ఉన్నాడు. ఆమె పిలిపించింది.

చేసేది లేక నా పేరు చెప్పాను. ఆయన రెండుసార్లు నోట్లో అనుకుని, వీధి చివరకు వెళ్లి పిలిచాడు. నేను గుమ్మంలో నిలబడి, ఎవరైనా తిరుగుతారేమోనని భయపడుతూ చూశాను. ఎవరూ తిరగలేదు. నా గుండె నిండింది. ఆయన తిరిగి వచ్చాడు.

"పేరు మంచిది బాబూ. తప్పేటీ నేదు. మరేటంటే అది మీది. మీరు సానా దినాల్నించీ ఉంచుకున్నారు. బిడ్డ నిన్న గదా వొచ్చినాడు."

తరవాత మా ఆవిడ వైపు తిరిగి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగాడు. ఆమె తలవంచుకుని చెప్పింది. నొప్పులు వస్తున్నప్పుడు ఏదో ఓడ రేవులోకి వస్తూ కూత వేసిందట. రెండుసార్లు మధ్యలో పోయింది, ఈసారైనా ఒడ్డుకు చేర్చు తండ్రీ అనుకుందట. ఆయన మళ్లీ వీధి చివరకి వెళ్లాడు.

"దరీ."

ఎవరూ తల తిప్పలేదు. లోపల మంచం మీద పడుకున్న పిల్లవాడు కూడా ఏమీ చెయ్యలేదు. అలాంటి అద్భుతాలేవీ జరగలేదు. కాని మా ఆవిడ ఏడ్చింది. దరి అని తనలో తాను అనుకుంటూ ఏడ్చింది. రెండక్షరాలు. ఆ రెండక్షరాల్లో ఆమె ఆరేళ్ల కష్టమంతా ఉందని నాకు అర్థమైంది, అర్థమైనందుకే ఒళ్లు మండింది. ఆరేళ్లు ఆమె పక్కన ఉన్నవాణ్ణి నేను. ఆ ఓడ కూత సంగతి నాకు చెప్పనే లేదు. నేను అడగలేదు.

పళ్లెంలో బియ్యం మీద నా వేలితో అంశుమాలి అనే రాశాను. మునిసిపల్ ఆఫీసులోనూ అదే రాయించాను. మా ఆవిడ ఎదురు చెప్పలేదు. దరీ అని పిలుచుకుంది. పక్కింటి నర్సమ్మ గారు దరీ అంది. పాలవాడు దరి బాబూ అన్నాడు. చివరికి బళ్లో మేష్టారు కూడా హాజరు పుస్తకంలో ఒకటి ఉంచుకుని నోటితో మరొకటి పిలిచారు. నా ఇంట్లో, నా కొడుకు తల మీద, రోజుకి యాభైసార్లు ఆయన గెలుపు వినపడేది. అలవాటు పడతాననుకున్నాను. పడలేదు.

ఆ తరవాత ఒక వానాకాలం, ఓడలు పని ఆపేసిన రోజున, షెడ్డులో ఇద్దరమే చిక్కుకున్నాం. ఉండబట్టలేక అడిగాను, ఈ పేర్ల పిచ్చి నీకెందుకు పట్టిందని. కొంచెం ఎగతాళిగానే అడిగాను. ఆయన వానకేసి చూస్తూ చెప్పుకొచ్చాడు. అంత పొడుగు మాట ఆయన నోట నేను విన్నది ఆ ఒక్కరోజే.

నేను రాకముందు, వేరే కంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నప్పటి సంగతి. ఒక మధ్యాహ్నం ఓడ గదిలో ఇనప రేకుల కట్ట జారి ఒక మనిషి పోయాడు. ఆయన పేరే వాడిదీ. ఇద్దరివీ ఒకే వీధిలో నాలుగిళ్ల ఎడంలో ఇళ్లు. తోటి కళాసీ ఒకడు కంగారులో పరుగెత్తుకెళ్లి ఈయన ఇంట్లో కబురు చెప్పాడు. ఇల్లు గొల్లుమంది. వీధి వీధంతా వచ్చింది. ఆ నాలుగో ఇంటి ఆమె కూడా చంకలో బిడ్డతో వచ్చి, ఈయన భార్యను పట్టుకుని ఓదార్చింది. ఆ ఏడుపులో ఈయన, పని ఆపేస్తే, నడుచుకుంటూ ఇంటికి వచ్చాడు.

"మా యమ్మ నన్ను సూసింది బాబూ. సూసి నవ్వింది. ఈదిలోకొచ్చి, మావోడు కాదు, మావోడు కాదు అని సేతులు కొట్టి ఎగిరింది. అమ్మ కదా, దానికేటి తెలుసు. నాను మాత్రం అప్పుడా పిల్ల మొకం సూసేను. మావోడు కాదంటే మరెవుడు? అది మా ఆడదాన్ని పట్టుకున్న సెయ్యి ఒదల్నేదు. అలగే ఉండిపోనాది."

పిడికిలి మూశాడు. ఆపమనే సైగ. ఎవరికి చేశాడో తెలియదు. కాసేపటికి, చావు కబురైనా పెళ్లి కబురైనా ఎవరి గుమ్మానికి అది చేరాలి గదా బాబూ అన్నాడు. ఆ రోజు ఆయన మీద జాలిపడ్డాను, గౌరవం కలిగింది. ఈర్ష్య మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఇంకొంచెం పెరిగిందేమో కూడా. నా పుస్తకంలోని పేర్ల వెనక ఇలాంటిదేమీ లేదు. నిఘంటువు ఉంది, అంతే.

ఇప్పుడు చెప్పబోయేది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ఎనభై ఒకటిలో మా మేనేజరు గారికి మనవడు పుట్టాడు. గోదావరి వైపు మనిషి, సాహిత్యాభిమాని. నాతో పద్యాలు చెప్పించుకుని వినేవారు. మంచి పేర్లు కొన్ని రాసివ్వమని అడిగితే, రెండు రాత్రులు కూర్చుని పన్నెండు పేర్లు, మంచి దస్తూరీతో, అర్థాలతో రాసిచ్చాను. బాగున్నాయి, చూద్దాం అని జేబులో పెట్టుకున్నారు. ఆ వారమే, మా షెడ్డు ముందు మేనేజరు గారి కారు ఆగింది. నాకోసం కాదు. సైగలాయన చేతులు కడుక్కుని, కండువాతో ముఖం తుడుచుకుని కారెక్కాడు. కళాసీలందరూ నిలబడి చూశారు. నేనూ పెన్ను పట్టుకుని చూశాను. మర్నాడు మేనేజరు గారు నా దగ్గర ఆగి, పేరు కుదిరిందండీ, మీ పేర్లూ బాగానే ఉన్నాయి అన్నారు. ఆ 'బాగానే' నా చెవిలో ఉండిపోయింది.

సరిగ్గా నాలుగు రోజుల తరవాత సైగలాయన నా దగ్గరకు వచ్చాడు. పని బట్టల్లో కాదు, ఉతికిన చొక్కా వేసుకుని, అరటిపళ్ల అత్తం, కొబ్బరికాయ పట్టుకుని ఇంటికి వచ్చాడు. మా ఆవిడ దరిని తీసుకుని గుడికి వెళ్లింది. కూర్చోమంటే గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. ఆయన కొడుకు ఉక్కు ఫ్యాక్టరీ కట్టే పనిలో కుదురుకున్నాడు. కోడలు మగపిల్లవాణ్ణి కంది. పేరు పెట్టాలి.

"సొంత బిడ్డకి నా బుర్ర పన్సెయ్యట్నేదు బాబూ. మురిపెం అడ్డొచ్చేత్తంది. ఏ పేరన్నా ముద్దుగానే ఉంది. సదూకున్నోరు, మీరు సెప్పండి. మీరేటి సెప్తే అదే ఎడతాను."

పదేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ఆయన నా గుమ్మంలో కూర్చుని పేరు అడుగుతున్నాడు. నా నోటు పుస్తకం అలమరలో చేతికందేంత దూరంలో ఉంది. అందులో మంచి పేర్లున్నాయి, ఇప్పుడు తలచుకున్నా నాకు తెలుసు. నా కళ్లముందు మాత్రం ఆ కారు, ఆ 'బాగానే' ఉన్నాయి. ఆలోచించినట్టు కాసేపు పైకి చూశాను. అప్పుడు అన్నాను.

"తాత పేరు మనవడికి రావడం కంటే ఏముంటుంది? మీ పేరే పెట్టండి."

ఆయన్ని మీరనడం అదే మొదటిసారి. గౌరవంతో అన్నది కాదు. మర్యాదగా అంటే కాదనలేడని.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. గది అంచున నిలబడి లోపలికి చూసేవాడు ఎలా చూస్తాడో అలా, అడుగున ఏముందా అని చూశాడు.

"నా పేరా" అన్నాడు. కొంతసేపటికి, "ఆలోసించే సెప్పేరా బాబూ?" అన్నాడు.

ఆలోచించే చెప్పానన్నాను. ఆ వాన రోజు చెప్పిన కథ నాకు గుర్తుందని ఆయనకు తెలుసు. తెలుసునని నాకూ తెలుసు. అరచెయ్యి బోర్లించి, చాలా నెమ్మదిగా కిందకి దించాడు. పళ్లు, కాయ గడప మీద ఉంచి వెళ్లిపోయాడు.

బారసాలకు నేను తలనొప్పి అని వెళ్లలేదు. మా ఆవిడ వెళ్లి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా నా ఎదురుగా కూర్చుంది. ఆయన ఎప్పటిలాగే వీధి చివరకు వెళ్లి పిలిచాడట. తన పేరు తానే పిలిచాడట. టీ కొట్టు దగ్గర ఇద్దరు తిరిగారట, ఎదురింటి అరుగు మీంచి ఒకాయన ఏటి మావా అని పలికాడట. జనం నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయారట. ఆయన లోపలికి వచ్చి పళ్లెంలో ఆ పేరే రాయించాడట. ఇదేం పేరు బాబాయిగారూ అని మా ఆవిడ అడిగితే, పెద్దలు చెప్పారమ్మా అన్నాడట, అంతే.

"ఆ పెద్దలు మీరేనా?" అంది మా ఆవిడ.

నేను లేచి మంచినీళ్లకని లోపలికి వెళ్లాను. ఆమె మళ్లీ అడగలేదు. చాలా రోజులు అవసరమైనంతకు మించి నాతో మాట్లాడలేదు.

ఆ తరవాత ఆయన ఎవరికీ పేరు పెట్టలేదు. ఎవరైనా వస్తే, గుమస్తా బాబు దగ్గరికెళ్లండి, నాను మానేసినాను అనేవాడట. అలా వాళ్లందరూ నా దగ్గరకు రావడం మొదలుపెట్టారు. కోరుకున్నది దక్కింది. కళాసీలు, బడ్డీల వాళ్లు, మాల్కాపురం నుంచి కూడా వచ్చేవారు. నేను పుస్తకం తీసి, అర్థాలు వివరించి, పేర్లు పెట్టాను. వాళ్లు దండం పెట్టి తీసుకుని వెళ్లారు. ఒకసారి, ఎవరూ చూడరనుకుని, ఆయనలాగే వీధి చివరకు వెళ్లి నోటి పక్కన చెయ్యి పెట్టుకుని నేను పెట్టబోయే పేరు పిలిచాను. ఎవరూ తల తిప్పలేదు. గుమ్మంలో నిలబడి ఉన్న పిల్లవాడి తల్లి కూడా తిప్పలేదు. మళ్లీ ఆ ప్రయత్నం చెయ్యలేదు.

షెడ్డులో ఆయన నాతో ఎప్పటిలాగే ఉన్నాడు. నమస్కారం మానలేదు, మాట తగ్గించలేదు. తగ్గించడానికి మొదటే ఎక్కువ లేదు. ఒకసారైనా నిలదీస్తే బాగుండునని ఎదురుచూశాను. అదీ చెయ్యలేదు. ఎనభై ఆరులో పని మానేసి కొడుకు దగ్గరకు ఉక్కునగరం వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు మా ఇంటికి వచ్చి దరి తల నిమిరి, మా ఆవిడ ఇచ్చిన కాఫీ తాగి వెళ్లాడు. నేను ఇంట్లో ఉండీ లోపలి గదిలోంచి రాలేదు.

పదకొండో రోజున నేనూ మా ఆవిడా గాజువాక మీదుగా బస్సులో వెళ్లాం. ఉక్కునగరంలో క్వార్టర్లన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఒకే రంగు, ఒకే గుమ్మం. ఎవరినైనా అడుగుదామంటే ఆయన పేరు చెప్పి అడగడం వల్ల లాభం లేదు. కొడుకు పనిచేసే విభాగం చెప్పి అడిగాం. ఇంటి ముందు షామియానా కింద ఆయన ఫోటో పెట్టి దండ వేశారు. ఫోటోలో చేతులు కనపడటం లేదు. అందుకేనేమో ఎవరో వేరే మనిషిలా ఉన్నాడు. మా ఆవిడ లోపలికి వెళ్లి ఆడవాళ్ల మధ్య కూర్చుని ఏడ్చింది. కొడుకు నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. మీ గురించి నాన్న చెప్పేవాడండి అన్నాడు. ఏం చెప్పేవాడని అడిగే ధైర్యం రాలేదు.

ఎనిమిదేళ్ల కుర్రవాడు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. అవే కళ్లు, అదే నుదురు. తెలిసీ అడిగాను, నీ పేరేమిటి బాబూ అని. వాడు నిటారుగా నిలబడి ఇంటిపేరుతో సహా, ఒక్కొక్క అక్షరం విడమరిచి, దూరంగా ఉన్న మనిషికి వినపడేటట్టు చెప్పాడు. అలా చెప్పడం ఎవరు నేర్పారో వేరే అడగక్కర్లేదు.

మీ తాత పేరే గదా అన్నాను.

"అవునండి. ఇన్నాళ్లూ తాతా నానూ ఇద్దరం వాడుకున్నాం. తాతేమో, 'నాను పోయేక ఇది నీదొక్కడిదేరా, జాగర్తగా ఉంచుకో' అన్నాడు."

నోరు ఊరుకోక, మీ బళ్లో ఇంకెవరికీ లేదా ఆ పేరు అని అడిగాను.

"ముగ్గురికి ఉందండి" అన్నాడు వాడు. నాకు అర్థం కాలేదనుకున్నాడేమో, ఓపిగ్గా చెప్పాడు. "ఆళ్లది వేరే పేరండి."

ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయాడు. నేను ఫోటో వైపు చూస్తూ కూర్చున్నాను. నా దగ్గరున్న పేర్లన్నిటినీ పక్కకి నెట్టి, గుచ్చుకోవాలని ఏరి ఇచ్చిన పేరు అది. ఎనిమిదేళ్లు ఆ పిల్లవాడి పక్కన ఉండి, ఆయన దాన్ని లోకంలో మరొకరికి లేని పేరు చేసి వెళ్లాడు. నేనెవర్నో పిల్లవాడికి చెప్పి, దగ్గరకు తీసుకుని, ఒక మాట అనాలనిపించింది. ఆ మాట ఏమిటో తోచలేదు. తోచింది ఒక్కటే, పోయిన మనిషి మీద, దండ వేసిన ఫోటో మీద, మళ్లీ అదే అసూయ. కొడుకు వచ్చి భోజనానికి లేవమన్నాడు. లేచి వెళ్లి, వాళ్లు చూపించిన చోట కూర్చున్నాను.